పొద్దున్నే ఐదింటికి రోడ్డు మీద నీకేం పని?

పోయిన డిసెంబరులో ఒక బుధవారం, హైదరాబాదులో మా ఇంటి దగ్గర పరిగెడుతుంటే, పొద్దున ఐదూ ఇరవైకి, ఒక కారు ఎడమ పక్క అద్దం నా ఎడమ మోచేతికి తగిలింది. అద్దం విరిగి రోడ్డు మీద పడింది. నేను పక్కనే ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోయించుకున్న ఇసక కుప్ప మీద పడ్డాను. కారు కొంచెం ముందుకెళ్ళి ఆగినట్టే అయింది, వెనక ఎర్ర లైట్లు వెలిగాయి, నేను లేచి కూచోవడం కనిపించిందేమో, లైట్లు ఆరిపోయాయి, వెళ్ళిపోయింది. మోచేతి దగ్గర ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు.

ఆ ఆరు వారాల్లో నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళు, ఫోన్ చేసినవాళ్ళు, లిఫ్టులో ఎదురైనవాళ్ళు అందరూ మొదట అడిగింది ఒకటే. ఆ టైంలో రోడ్డు మీద నీకేం పని? మా పెద్దమ్మ అడిగింది, పక్క ఫ్లాట్ ఆంటీ అడిగారు, కట్టు కట్టిన డాక్టరుగారూ అడిగారు. ప్రేమతోనే అడిగారు, అది నాకు తెలుసు. ట్రెడ్‌మిల్ కొనుక్కోవచ్చు కదా, పార్కులో తిరగొచ్చు కదా, చీకట్లో ఎందుకు, ఒక్కదానివే ఎందుకు. ఆ కారు ఎంత స్పీడులో వచ్చిందని మాత్రం ఒక్కరు కూడా అడగలేదు.

నేను చేయాల్సినవన్నీ చేశాను. ఎదురొచ్చే బండ్లు కనబడేలా రోడ్డుకి కుడి పక్కన పరిగెడుతున్నాను. లైటు పడితే మెరిసే జాకెట్ వేసుకున్నాను, చెవిలో ఏమీ పెట్టుకోలేదు. ఫుట్‌పాత్ ఎక్కలేదు, ఎందుకంటే అక్కడ ఫుట్‌పాత్ అనేది ఒక ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన నాలుగు స్కూటర్లు, ఇంకొంచెం ముందు మూతేసిన టిఫిన్ బండి. వాటి తరవాత ఆ ఇసక. నేను ఇసక కుప్ప చుట్టూ తిరిగి వెళ్ళడానికి నాలుగడుగులు రోడ్డు లోపలికి వచ్చాను. ఆ నాలుగు అడుగుల్లోనే తగిలింది.

నన్ను లేపింది రోడ్డు ఊడ్చే ఆవిడ. మెరిసే కోటు, తలకి చుట్టుకున్న చున్నీ, చేతిలో పొడుగు కర్ర చీపురు. రెండేళ్ళుగా రోజూ ఆవిడ పక్క నుంచే పరిగెడుతున్నా ఏనాడూ మాట్లాడింది లేదు. చీపురు పడేసి వచ్చి, "లేవకు బిడ్డా, నిమ్మలంగ కూసో" అని నా తల పట్టుకుంది. తన బాటిల్లో నీళ్ళు తాగించింది. ఆవిడ ఒక్కతే నన్ను ఆ ప్రశ్న అడగలేదు, ఆవిడ కూడా ఆ టైంలో రోడ్డు మీదే ఉంటుంది కాబట్టి. పాలమూరు నుంచి వచ్చి పన్నెండేళ్ళయిందట, ఇదే పని. మీకు భయం వేయదా అని అడిగాను. "ఎనక సప్పుడు ఇనుకుంట ఊడుస్తం బిడ్డా. సప్పుడు దగ్గరికొస్తే పక్కకు జరుగుతం. గీ కరెంటు బండ్లొచ్చినంక సప్పుడే ఉంటలేదు. గాలి తాకినంక తెలుస్తది" అంది.

ఆ మాట నా బుర్రలోంచి పోలేదు. ఈ ఊళ్ళో ఒక మనిషి నాలుగైదు గంటలు వీపు బండ్ల వైపు పెట్టి వంగి పని చేస్తుంది, ఆవిడకున్న రక్షణ చెవులు ఒక్కటే, ఇప్పుడు ఆ చెవులు కూడా పనికి రావడం లేదు. ఆ టైంలో రోడ్డు మీద నీకేం పని అని ఆవిడని అడగగలమా? పాల ప్యాకెట్లు వేసే అబ్బాయినీ, డ్యూటీ మారడానికి సైకిలు మీద వెళ్ళే వాచ్‌మన్‌నీ, మొదటి బస్సు కోసం నడిచే నర్సునీ అడగగలమా? మనకి పరిగెత్తేవాళ్ళూ, సైకిలు తొక్కేవాళ్ళూ అనగానే ఖరీదైన షూలు, హెల్మెట్లు గుర్తొస్తాయి. రోడ్డు అంచున ఉండే జనంలో మేము పిడికెడు మందిమి. మిగతా అందరూ బతుకుతెరువు కోసం అక్కడున్నవాళ్ళు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్ళు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నడుస్తూ చనిపోయినవాళ్ళే 32,825 మంది. రోజుకి దాదాపు 90 మంది. 90 మందితో ఒక విమానం కూలితే దేశమంతా వారం పాటు దాని గురించే మాట్లాడుకుంటుంది, ఇక్కడ మాత్రం జిల్లా ఎడిషన్లో రెండు అంగుళాల వార్త, అందులో కూడా "రోడ్డు దాటుతుండగా" అని మొదలవుతుంది వాక్యం. దాటడమే తప్పన్నట్టు.

నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఇది. నడిచేవాళ్ళకి జాగ్రత్తలు చెప్పడం ఇక చాలు, బండి వేగం గురించి మాట్లాడదాం.

గంటకు 30 కిలోమీటర్ల వేగంలో వెళ్ళే కారు సెకనుకి ఎనిమిది మీటర్ల పైచిలుకు కదులుతుంది. 60లో అయితే దాదాపు 17 మీటర్లు. మనిషి అడ్డం వచ్చాడని కంటికి కనిపించి, కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. 30లో వచ్చే కారు ఆ సెకనులో వెళ్ళిన దూరమూ, బ్రేకు వేశాక జారిన దూరమూ కలిపి, పొడి రోడ్డు మీద ఇంచుమించు 13, 14 మీటర్లలో ఆగిపోతుంది. 60లో వచ్చే కారు అదే 14 మీటర్ల దగ్గర ఇంకా బ్రేకే వేయలేదు, పూర్తి వేగంతో గుద్దుతుంది. అదే రోడ్డు, అదే డ్రైవరు, అదే మనిషి, అంతే పొరపాటు. ఒకచోట ఒక హారన్, ఒక తిట్టు, ఇంకోచోట శవం. పైగా వేగం రెండింతలైతే ఆ దెబ్బలో ఉండే శక్తి నాలుగింతలు. ఇది స్కూల్లో అందరం చదువుకున్న ఫిజిక్సే.

అందుకే 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో దేశదేశాల మంత్రులు కూచుని, నడిచేవాళ్ళూ సైకిళ్ళూ బండ్లతో కలిసి తిరిగే చోట్ల వేగం 30 దాటకూడదని తీర్మానం చేశారు. మన దగ్గర కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మున్సిపల్ పరిధిలో కార్లకు గరిష్ఠ వేగం 70. రాష్ట్రాలు దాన్ని తగ్గించుకోవచ్చు, కొన్ని రోడ్ల మీద తగ్గించారు కూడా. కానీ బోర్డు మీద ఏ అంకె ఉన్నా, రోడ్డు తిన్నగా, వెడల్పుగా, నున్నగా ఉంటే డ్రైవరు కాలు దానంతట అదే నొక్కుకుపోతుంది. నేనూ కారు నడుపుతాను, ఖాళీ రోడ్డు కనిపిస్తే నా కాలూ అంతే. బోర్డు చూసి ఎవరం నెమ్మదించం, రోడ్డు ఆకారం చూసి నెమ్మదిస్తాం. మలుపు దగ్గర అంచు గుండ్రంగా విశాలంగా ఉంటే ఫ్రీ లెఫ్ట్ అని 40లో తిరిగేస్తాం, అదే అంచుని బిగించి కడితే 15కి తగ్గించక తప్పదు. జీబ్రా గీతలు నేల మీద పెయింటు మాత్రమే అయితే ఎవరూ ఆగరు. అదే జీబ్రాని ఫుట్‌పాత్ ఎత్తుకి లేపి, వెడల్పాటి దిమ్మెలా కడితే ప్రతి బండీ తగ్గి వెళ్తుంది, నడిచేవాళ్ళు దిగి ఎక్కే పని కూడా ఉండదు.

స్పీడ్ బ్రేకర్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ అవి ఎవరికి వాళ్ళు రాత్రికి రాత్రి వేయించుకున్న సిమెంటు గట్లు. రోడ్లకి ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు. అంటే నెమ్మదిగా ఎక్కి దిగే ఒక చిన్న మిట్ట. మన కాలనీల్లో ఉండేది అడుగు వెడల్పు గోడ. దాని మీద గర్భిణులు, నడుము నొప్పి ఉన్నవాళ్ళు, సైకిలు వాళ్ళు నరకం చూస్తారు, పెద్ద కారు మాత్రం జుయ్యిమని దాటేస్తుంది.

కట్టుతో ఇంట్లో కూచున్నప్పుడు సాయానికి మా అమ్మ ఖమ్మం నుంచి వచ్చింది. మేముండేది కూకట్‌పల్లి వైపు, మెడికల్ షాపు మెయిన్ రోడ్డుకి అవతల. నాలుగేళ్ళ కిందట ఆ చౌరస్తాలో సిగ్నల్ ఉండేది. సిగ్నల్ తీసేసి, డివైడర్ మూసేసి, కొంత దూరంలో యూటర్న్ పెట్టారు. ఊరంతా చాలా చౌరస్తాల్లో ఇదే చేశారు. బండ్లకి బాగుంది, నిజమే, ఆగే పని లేదు. కానీ బండ్లు ఆగే ఆ నిమిషమే కదా మనుషులు దాటే నిమిషం. దాన్ని తీసేసేటప్పుడు నడిచేవాళ్ళ సంగతేంటని ఎవరూ అనుకోలేదు. అమ్మకి 68 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ఆ రోజు నేను పక్కనే నిలబడి వాచీ చూశాను. పదకొండు నిమిషాలు అంచున నిలబడింది. చివరికి ఒక ఆటో అబ్బాయి బండి అడ్డం పెట్టి, చెయ్యెత్తి మిగతా బండ్లని ఆపి, "రా పెద్దమ్మా" అని దాటించాడు. షాపుకి వెళ్ళి మందులు తీసుకుని, మళ్ళీ ఇటు రావడానికి ఆటో మాట్లాడుకుంది. యూటర్న్ తిరిగి వచ్చినందుకు 60 రూపాయలు.

ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఎక్కొచ్చు కదా అనేవాళ్ళకి చెప్తున్నాను, బండిలో కూచున్నవాడు కాలు కదపకుండా తిన్నగా వెళ్ళిపోవాలి, మోకాళ్ళు అరిగిన మనిషి నలభై మెట్లెక్కి నలభై మెట్లు దిగాలి, ఈ పంపకం ఎక్కడి న్యాయం? మెట్రో స్టేషన్లున్న చోట నయం, టికెట్ లేకుండానే లిఫ్టు ఎక్కి అవతల దిగొచ్చు. ఉప్పల్‌లో 2023లో కట్టిన స్కైవాక్ లాంటిది, అంత పెద్ద కూడలిలో, నేను తప్పు పట్టను. కానీ ప్రతి చౌరస్తాకీ అదే మందు కాదు. నేల మీద దాటే మనిషికి ఒక్క నిమిషం సిగ్నల్ ఇవ్వడానికి కోట్లు అక్కర్లేదు.

ఇక ఫుట్‌పాత్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల్లో ఉంది, ఫుట్‌పాత్ మీద నడవడానికి ఖాళీగా కనీసం 1.8 మీటర్లు ఉండాలి, ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. మా వీధి చివర మెయిన్ రోడ్డు మీద ఫుట్‌పాత్‌ని టేపు పెట్టి కొలిచాను. ఎత్తు 34 సెంటీమీటర్లు. అమ్మకి అది మోకాలి కిందికి వస్తుంది. ప్రతి గేటు దగ్గరా కార్లు లోపలికి వెళ్ళడానికి దాన్ని కోసేసి ఉంటారు, అంటే నడిచే మనిషి పదిహేను అడుగులకి ఒకసారి అంత ఎత్తు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. అది నడక కాదు. ఫుట్‌పాత్ ఉండగా జనం రోడ్డు మీద నడుస్తారేంటి, సివిక్ సెన్స్ లేదు అని విసుక్కునేవాళ్ళు ఒక్కసారి వాళ్ళమ్మని తీసుకుని ఆ ఫుట్‌పాత్ మీద అర కిలోమీటరు నడవాలని నా కోరిక.

టిఫిన్ బండ్లనీ, కూరగాయల వాళ్ళనీ తోసేస్తే సరిపోతుందనే మాట కూడా వింటుంటాను. నాకది ఒప్పదు. ఫుట్‌పాత్‌ని ఎక్కువ ఆక్రమించేది నిలిపి ఉంచిన కార్లూ బైకులూనే, వాటిని మాత్రం ఎవరూ ఆక్రమణ అనరు. వీధి వ్యాపారులకి 2014 చట్టం ఉంది, స్థలం గుర్తించి ఇవ్వాలి. రాత్రి పూట ఇడ్లీ బండి దగ్గర నలుగురు నిలబడి ఉంటే ఆ రోడ్డు మీద ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తారు, ఇది నేను నా కళ్ళతో రోజూ చూస్తున్నది.

సైకిలు వాళ్ళ గురించి ఒక మాట. సైకిలు రోడ్డు మధ్యలోకి వచ్చిందని హారన్ కొడతారు. ఎడమ అంచు ఎలా ఉంటుందో కిందికి వంగి చూడండి. కంకర, గాజు పెంకులు, వాటర్ ట్యాంకర్ కార్చుకుంటూ పోయిన తడి, రోడ్డు మళ్ళీ మళ్ళీ వేయడంతో రెండు మూడు అంగుళాలు లోపలికి దిగిపోయిన మ్యాన్‌హోల్ మూతలు, టైరు సరిగ్గా ఇరుక్కునేలా ఊచలు పెట్టిన నీళ్ళ జాలీలు. ఆగి ఉన్న కారు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. (డ్రైవరు సీట్లోంచి దిగేటప్పుడు తలుపుని ఎడమ చేత్తో తీయండి. ఒళ్ళు దానంతట అదే తిరుగుతుంది, వెనక వచ్చే సైకిలు కనిపిస్తుంది. ఈ ఒక్కటీ ఇవాళే అలవాటు చేసుకోండి.) సైకిలు మనిషి ఆ అంచు వదిలి కొంచెం లోపలికి వస్తే అది పొగరు కాదు, పడిపోకుండా ఉండటానికి.

మన దగ్గర సైకిళ్ళకి ఏమీ చేయలేదని అనను. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మొదలైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకొకటి, నాలుగున్నర మీటర్ల వెడల్పు. నేను దాని మీద తొక్కాను, హాయిగా ఉంటుంది. కానీ అక్కడికి చేరడానికి చాలామంది సైకిలుని కారుకి కట్టుకుని వెళ్తారు. మా వాచ్‌మన్ ఇంటి నుంచి అపార్ట్‌మెంటుకి వచ్చే నాలుగు కిలోమీటర్లలో మాత్రం ఒక్క అడుగు ట్రాక్ లేదు. వ్యాయామానికి ట్రాక్ కట్టాం, ప్రయాణానికి కట్టలేదు. ట్యాంక్‌బండ్ మీద 2021లో ఆదివారం సాయంత్రాలు బండ్లు ఆపేసినప్పుడు పిల్లలు ఎలా పరిగెత్తారో చూశాం. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్ళ కోసం బండ్లు ఆపుతారు, అక్కడికి మా చెల్లి వెళ్తుంటుంది, ప్రాణం లేచొస్తుందక్కా అంటుంది. అవి ఉండాలి, ఇంకా పెరగాలి. అయితే ఒక రోడ్డుకి, కొన్ని గంటలకి ఇచ్చినదాన్ని మిగతా రోడ్లకి ఇవ్వలేకపోవడానికి కారణం నాకు కనిపించదు.

"ఇది ఇండియా, ఇక్కడ కుదరదు" అనే మాట నాకు ఎక్కువ కోపం తెప్పించేది. నెదర్లాండ్స్‌లో పుట్టుకతోనే అందరూ సైకిళ్ళెక్కి తిరిగారనుకుంటాం. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు మీద 3,300 మంది దాకా చనిపోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. వాళ్ళూ అప్పుడు ఊళ్ళు పగలగొట్టి కార్లకి రోడ్లు వేస్తున్నారు. పిల్లల్ని చంపడం ఆపండి అని తల్లిదండ్రులు రోడ్డెక్కి, వీధుల్లో కూచుని, ఏళ్ళ తరబడి పోరాడితే వచ్చినవి ఆ సైకిలు దారులు. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో చాలా వీధుల్లో వేగం 30కి, 40కి తగ్గించుకుంటూ వచ్చారు, 2019లో ఆ నగరంలో నడిచే మనిషి ఒక్కరు కూడా చనిపోలేదు. వాళ్ళ డ్రైవర్లేమీ దేవుళ్ళు కాదు. తప్పు చేసినా ప్రాణం పోకుండా రోడ్డు కట్టుకున్నారు.

మన దగ్గర చట్టం కూడా లేకపోలేదు. 2025 మే 14న సుప్రీంకోర్టు చెప్పింది, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద, జీవించే హక్కులో భాగం అని, రాష్ట్రాలన్నీ దానికి మార్గదర్శకాలు తయారు చేయాలని. మోటారు వాహనాల చట్టంలో 2019లో 198ఏ సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైనూ నిర్వహణా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మనిషి చనిపోయినా, వికలాంగులైనా, దానికి బాధ్యులైన కాంట్రాక్టరుకి, అధికార సంస్థకి లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఒక ప్రాణానికి లక్ష ఏ మూలకి అనిపిస్తుంది, నిజమే. కానీ ప్రమాదం జరిగినప్పుడు ఎఫ్ఐఆర్‌లో డ్రైవరు పేరుతో పాటు ఆ రోడ్డు గురించి కూడా ఒక వాక్యం రాయమని అడగడానికి అది పనికొస్తుంది. నేను నా కేసులో అడగలేదు, ఆ సెక్షన్ సంగతి నాకు అప్పటికి తెలియదు. మీకు ఇప్పుడు తెలిసింది కాబట్టి అడగండి.

కట్టు విప్పాక కాలనీ సంఘం మీటింగుకి వెళ్ళాను. మూడే అడిగాను. కాలనీ లోపల 30 దాటకుండా సరైన కొలతతో స్పీడ్ బ్రేకర్లు, పార్కు గేటు ముందు ఎత్తు జీబ్రా, మెయిన్ రోడ్డు చౌరస్తాలో నడిచేవాళ్ళకి సిగ్నల్ కోసం అర్జీ. ఒక గంట వాదన అయింది. పార్కింగ్ పోతుందని ఇద్దరు, అంబులెన్స్ ఆలస్యమవుతుందని ఒకరు. చివరికి మొదటి రెండూ ఒప్పుకున్నారు, అర్జీ మీద 140 సంతకాలు వచ్చాయి. రోడ్డు ఊడ్చే ఆవిడ దగ్గరికి కూడా తీసుకెళ్ళాను. వేలిముద్ర వేసే ముందు అందులో ఏముందో మొత్తం చదివించుకుంది. "గివన్ని మంచిగనే ఉన్నయి గని బిడ్డా, మేం ఊడ్చేటప్పుడు ఎనక పెట్టెతందుకు గా ఎర్ర టోపీలసొంటియి ఉంటయి జూడు, అవ్వి ఇప్పియ్యరాదు" అంది.

ట్రాఫిక్ కోన్‌లు. పన్నెండేళ్ళలో ఆవిడని ఎవరైనా అడిగి ఉంటే ఏనాడో చెప్పేది. కాలనీ డబ్బుల్లోంచి నాలుగు కొన్నాం, ఒక్కోటి 500 లోపే. చెత్త బండి పక్కన కట్టుకుని తెస్తుంది. తనకి వెనక ఇరవై అడుగుల్లో మొదటిది, తరవాత ఒక్కోటీ కొంచెం కొంచెం లోపలికి పెడుతుంది, కొంత ఊడ్చాక మళ్ళీ ముందుకు జరుపుకుంటుంది. దూరంగా ఉండగానే కార్లు పక్కకి ఒరగడం నేను చూస్తున్నాను. ఫిబ్రవరి నుంచి నేను మళ్ళీ పరిగెడుతున్నాను, ఆవిడ దగ్గరికి వచ్చేసరికి ఆ కోన్‌ల లోపలి నుంచే వెళ్తాను. ఆ రోడ్డు మీద ఆవిడతో పాటు ఊడ్చేవాళ్ళు ఇంకా పదకొండు మంది ఉన్నారు. వాళ్ళకి కోన్‌లు ఇంకా రాలేదు.